ప్రాక్టీస్‌ల 61, మీట్‌ల 65. ఈ భయం ఎట్ల పోతది?

నర్సంపేట పిల్ల (ప్రశ్న)

అక్కలకు, అన్నలకు, సార్లకు నమస్తే. నేను ఇంటర్ ఫస్టియర్. మాది నర్సంపేట పక్కన ఊరు. హన్మకొండల హాస్టల్ల ఉండి చదువుకుంటాన. పొద్దున, సాయంత్రం జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్‌ల 400 మీటర్లు ప్రాక్టీస్ చేస్తాన.

ప్రాక్టీస్‌ల సార్ వాచ్ పట్టి చూస్తే 61 సెకన్లు వస్తాంది. బాగున్న రోజు 61 లోపల సుత కొట్టిన. అదే మీట్‌కు పోతే 64, 65. మొన్నటి మీట్‌ల హీట్స్‌లనే, అంటే ఫైనల్ ముందటి రౌండ్లనే, ఓడి ఇంటికచ్చిన. మా గ్రూప్‌ల రోజు నా వెనుక ఉరికే పిల్ల ఫైనల్‌కు పోయింది. ఆమె మీద కుళ్లు లేదు, నిజంగనే సంబురపడ్డ. గని రాత్రి పండుకున్నంక "మరి నాకెందుకు రాలే" అన్నదే మనసుల తిరుగుతాంది.

మీట్ రోజు ఏమైతదో వరుసగ చెప్త, మీకు సమజైతదని. ముందు రాత్రి నిద్ర పట్టది. పొద్దున రెండు ఇడ్లీలు సుత గొంతు దిగవు. చేతులు సల్లగైతయి, ఊకె బాత్‌రూంకు పోవాలనిపిస్తది. కాల్ రూంల, అదే రేసుకు ముందు పిలిచి కూసోబెట్టే రూంల, కూసున్నప్పుడు పక్క పిల్లల స్పైక్స్ (మొలల బూట్లు) చూస్త, కాళ్లు చూస్త. అందరు నాకంటె గట్టిగున్నట్టే కనపడతరు. వాళ్లు నవ్వుకుంట మాట్లాడుకుంటాంటే, వీళ్లకు భయమే లేదు గదా అనిపిస్తది.

గన్ పేలినంక మొదటి 200 మంచిగనే పోత. రెండో మూల తిరుగుతాంటే, 250 దాటంగనే, వెనుక అడుగుల సప్పుడు వినపడతది. "అయిపోయింది, ఇగ దొరికిపోయిన" అని లోపట ఒక మాట వస్తది. మా దోస్తు ఫోన్ల వీడియో తీసింది. చూస్తే సరిగ్గ ఆడికెల్లే నా భుజాలు చెవుల దాక లేసినయి, తల వెనుకకు పడ్డది. ఆఖరి వంద మీటర్లు కాళ్లను గుంజుకపోయినట్టున్నది. పైగ మొన్న లేన్ 8 వచ్చింది, అన్నిటికంటె బయటిది, అందరికంటె ముందట నిలబెడతరు. ముందట ఎవ్వలు కనపడరు, నేను ఎంత స్పీడ్‌ల పోతాననో నాకే తెల్వది. రేసు మొదట్ల కాళ్లు ఆనిచ్చే బ్లాక్స్ పెట్టుకుంటాంటెనే ఓడిపోయిన అనిపించింది.

ఎనిమిది, తొమ్మిది తరగతులల్ల ఇట్ల లేకుండె. మండలం, జోన్, జిల్లా, ఏడికి పోయినా ఫస్టే. ఉత్త కాళ్లతోని ఉరికిన. ఓడిపోతనేమో అన్న ఆలోచననే రాకపోయేది. ఇప్పుడు ఎత్తు పెరిగిన, బరువు పెరిగిన, టైమింగ్ మాత్రం ఏడాదికెల్లి ఆడనే ఉన్నది. నాతోని అయ్యేది గంతేనేమో, చిన్నప్పుడు పోటీ లేక గెలిచిననేమో అనిపిస్తాంది.

బాపు పత్తి, మిర్చి పెడతడు. ఈ ఏడు స్పైక్స్ కొనిచ్చిండు. ఎంత పెట్టినవని అడిగితే చెప్పలే. ఓడిపోయి ఇంటికి పోయినా ఏమనడు, "తిన్నవా బిడ్డా" అంటడు. ఆ మాటనే నాకు ఎక్కువ బరువైతాంది. మేనమామ మాత్రం ఉరుకుడుతోని ఏమొస్తది, ఎంసెట్ మీద పడు అంటడు.

అందరు "కాన్ఫిడెన్స్ పెంచుకో, భయపడకు" అంటరు. ఎట్ల పెంచుకోవాలెనో ఎవ్వలు చెప్తలేరు. పెద్ద పోటీలల్ల ఉరికేటోళ్లకు ఈ భయం ఉండదా? నేను 400 ఇడిసిపెట్టి 800కు మారాల్నా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట కానిస్టేబులక్క

చెల్లె, నేను కాలేజీ రోజులల్ల అదే గ్రౌండ్‌ల 400 ఉరికిన. ఇప్పుడు పోలీస్ నౌకరి చేస్తాన. భయపడకు అని నేను చెప్పను. భయం పోయినంక మంచిగ ఉరుకుదామని కూసుంటే ఆ రోజు రాదు. భయాన్ని వెంటేసుకొనే ఉరకాలె, అది వచ్చే జాగల ఏం చెయ్యాలెనో ముందే తెలిసుండాలె. నీ పోస్ట్‌ల మంచి సంగతి ఏందంటే, ఆ జాగ ఏదో నువ్వే చెప్పినవ్. 250 దాటినంక, రెండో మూల మీద. సగం పని అయిపోయినట్టే.

పొద్దటి సంగతి ముందు చెప్త. చేతులు సల్లబడుడు, ఇడ్లీ దిగకపోవుడు, బాత్‌రూంకు పోవుడు, ఇవన్ని అడ్రినలిన్ పని. ఒళ్లు రేసుకు తయారైతాంది. కడుపుల నెత్తురు కాళ్ల కండరాలకు మళ్లుతది, అందుకే తిండి దిగది. గుండె గట్టిగ కొట్టుకునేది కాళ్లకు ఆక్సిజన్ పంపేటందుకు. పక్క లేన్ల నవ్వుకుంట కూసున్న పిల్లకు సుత లోపట ఇదే నడుస్తాంటది. కొందరు నవ్వుతరు, కొందరు ముంగి లెక్క కూసుంటరు, గంతే తేడా. ఇడ్లీ దిగకుంటే రేసుకు మూడు గంటల ముందట ఒక అరటిపండు, ఇంత ఉప్మా తిను. ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా ఫికర్ చెయ్యకు, అంతకు ముందటి రెండు మూడు రాత్రులు మంచిగ పండుకుంటే ఆ ఒక్క రాత్రితోని కాళ్లు పడిపోవు. బ్లాక్స్ దగ్గర నిలబడ్డప్పుడు గాలి లోపటికి పీల్చుడు కంటె బయటికి ఇడుసుడు పొడుగు చెయ్యి. గుండె దడ కొంచెం దిగుతది.

ఇగ అసలు సంగతి. 400ల ఆఖరి వంద మీటర్లల్ల ఎవ్వలు స్పీడ్ పెంచరు. ప్రపంచ చాంపియన్లు సుత మొదటి 200 కంటె రెండో 200 నెమ్మదిగనే ఉరుకుతరు. కండరాలు పుల్లబడి, అడుగు చిన్నగై అందరు స్లో అయితరు, తక్కువ స్లో అయినోళ్లు గెలుస్తరు. టీవీల మనకు "ఆఖర్ల ఊపందుకున్నది" అని కనపడేదాంట్ల ఎక్కువసార్లు మిగితోళ్లు పడిపోవుడే ఉంటది. నీ వెనుక అడుగుల సప్పుడు చేసేటామె కాళ్లు సుత నీ కాళ్ల లెక్కనే మండుతానయి. ఇది ఒక్కటి నీ మనసుకు ఎక్కితే ఆ సప్పుడుకు అర్థం మారుతది.

అడుగుల సప్పుడు వినపడంగనే నీ భుజాలు లేస్తానయి. భుజాలు లేస్తే చేతులు ఆడవు, చేతులు ఆడకపోతే మోకాలు లేవది. అంటే సెకన్లు ఆడనే పోతానయి. నువ్వు ఆ "అయిపోయింది" అన్న మాటతోని కొట్లాటకు దిగకు, దానికి జవాబు సుత చెప్పకు. అది రాంగనే నీకు నువ్వు ఒకటే మాట చెప్పుకో: "చేతులు". మోచేతులు వెనుకకు గుంజాలె, దవడ వదులు చెయ్యాలె, అరచేతులు పిడికిలి కట్టొద్దు. మెదడుకు పని ఇస్తే దానికి భయపడెటందుకు టైం తక్కువ దొరుకుతది.

ఇది మీట్ రోజు గుర్తుపెట్టుకుందామంటే రాదు, ప్రాక్టీస్‌ల చెయ్యాలె. మీ దోస్తులను ఇద్దరిని నీ వెనుక ఎనిమిది, పది మీటర్ల దూరంల నిలబెట్టు. 300 ఉరుకు, వాళ్లు నిన్ను పట్టుకునేటందుకు ఉరకాలె. వారానికి ఒకసారి చాలు. ఆ సప్పుడు చెవులకు అలవాటు కావాలె. మొదట్ల భుజాలు లేస్తయి, లేవనీయ్. లేసినప్పుడల్ల "చేతులు" అనుకో.

లేన్ 8 గురించి. మనోళ్లందరు ప్రాక్టీస్ ఒకటి, రెండు లేన్లల్లనే చేస్తరు, మరి మీట్‌ల బయటి లేన్ వస్తే కొత్త ఊరికి పోయినట్టు కాదా? వారంల ఒక రోజు 7, 8 లేన్లల్ల ఉరుకు. మూల కొంచెం విశాలంగ ఉంటది, నిజానికి కాళ్లకు అది సుఖమే. 2016 రియో ఒలింపిక్స్‌ల దక్షిణాఫ్రికా వేడ్ వాన్ నీకెర్క్ లేన్ 8ల నుంచే 43.03 సెకన్లు ఉరికి గోల్డ్ కొట్టిండు. 1999 నుంచి ఉన్న మైకేల్ జాన్సన్ ప్రపంచ రికార్డు 43.18 ఆ రోజే పోయింది. ఆయనకు సుత ముందట ఎవ్వలు కనపడలే.

పెద్దోళ్ల సంగతి అడిగినవ్ గదా, దూరం పోవుడెందుకు, పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల జీవాంజి దీప్తిని చూడు. నీ ఈవెంటే, 400. మేధోపరమైన వైకల్యం ఉన్నోళ్ల టీ20 విభాగంల ఉరుకుతది. చిన్నప్పుడు ఊర్లె పడరాని మాటలు పడ్డది. 2024 మేల జపాన్‌ల కోబె ప్రపంచ చాంపియన్‌షిప్‌ల 55.07 ఉరికి గోల్డ్, ప్రపంచ రికార్డు. అదే ఏడు సెప్టెంబర్‌ల పారిస్ పారాలింపిక్స్‌కు పోతే, ఫైనల్ కాకముందే, హీట్స్‌లనే టర్కీ అమ్మాయి ఐసెల్ ఒండెర్ 54.96 ఉరికి ఆ రికార్డు తీసేసింది. నీ పేరు మీద ఉన్న రికార్డు పోయినంక, ఆ పోగొట్టినామెతోనే ఫైనల్ల లైన్ మీద నిలబడాలె. దీప్తి నిలబడ్డది. 55.82 ఉరికింది, తన బెస్ట్ కంటె ముప్పావు సెకను ఎక్కువ. బ్రాంజ్ వచ్చింది. బెస్ట్ రాని రోజు సుత పతకం తెచ్చింది. నేను మా ఇంట్ల పిల్లలకు గోల్డ్ కంటె ఈ బ్రాంజ్ గురించే ఎక్కువ చెప్త.

ఒక నోట్‌బుక్ పెట్టు. "నేను గెలుస్త" అని రాసుడు కాదు, ఆ రోజు చేసిన పని రాయి: 300 ఎంతల కొట్టినవ్, ఎన్ని రిపీటిషన్లు, ఆఖరిదాంట్ల చేతులు ఎట్లున్నయి. మీట్ పొద్దున అదొక్కటి చదువుకో. నాతోని కాదేమో అని మనసు అన్నప్పుడు, నీ చేతిరాతల అయిన పని కనపడతాంటే ఆ మాటకు బలం తగ్గుతది.

పీడీ సార్, జనగామ

బిడ్డా, అక్క రేసు గురించి బాగా చెప్పింది. నేను ఇంకో వైపు నుంచి చెప్తాను.

ముందు నీ లెక్క సరిచేద్దాం. చేతి వాచ్‌తో తీసిన టైం ఎప్పుడూ కొంచెం తక్కువే చూపిస్తది. 400కి చేతి టైంను ఎలక్ట్రానిక్ టైంతో పోల్చాలంటే 0.14 సెకన్లు కలుపుతారు. కాబట్టి వాచ్ వల్ల పోయేది పిసరంతే, నీ నాలుగు సెకన్లు వేరే చోట పోతున్నాయి. కొంత భుజాల దగ్గర. కొంత, నా అనుమానం, కాల్ రూంలో. వార్మప్ చేసి చెమట పట్టినంక అక్కడ అరగంట కదలకుండ కూర్చుంటే ఒళ్లు మొత్తం చల్లబడుతది. ట్రాక్ ప్యాంట్ తీయకు. కూర్చున్న చోటే మడమలు ఎత్తి దించు, మోకాళ్లు ఆడించు. చూపు నీ బూట్ల మీద పెట్టుకో, పక్కవాళ్ల బూట్లను వాళ్లకే వదిలెయ్. మీ సార్‌ను అడిగి నెలకోసారి మీట్ లాగానే ట్రయల్ పెట్టించుకో: చెస్ట్ నంబర్, స్పైక్స్, బ్లాక్స్, ఒకటే ప్రయత్నం, చుట్టూ చూసేవాళ్లు. అక్కడ వచ్చే టైమే నీ అసలు టైం.

రెండోది, నువ్వు రాసినదాంట్లో నన్ను ఆపిన వాక్యం ఎత్తు, బరువు పెరిగి టైమింగ్ ఆగిపోయిందన్నది. పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల మధ్య ఆడపిల్లల్లో ఇది చాలా మామూలు. ఒళ్లు మారుతది, కొత్త బరువుకు కాళ్ల బలం సరిపోయేదాకా టైమింగ్ కదలదు, ఒక్కోసారి వెనక్కి కూడా పోతది. ఇదే సమయంలో మంచి మంచి పిల్లలు "నాకు టాలెంట్ లేదు" అనుకొని ఆట వదిలేస్తరు. నా సర్వీసులో నాకు ఎక్కువ బాధ కలిగించినవి ఓడిపోయిన పిల్లల ముఖాలు కాదు, ఇట్లా మధ్యలో మానేసిన పిల్లల హాజరు పట్టీలు. జిల్లాలో నీ గెలుపు పోటీ లేక వచ్చింది కాదు. అప్పటి ఒంటికి అది వచ్చింది, ఇప్పటి ఒంటితో మళ్లీ కట్టుకోవాలి.

ఇంకో పని వెంటనే చెయ్. ఏదైనా ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. పీరియడ్స్ మొదలైన ఆడపిల్లల్లో, అందులోనూ రోజూ ఉరికేవాళ్లల్లో, రక్తం తక్కువ ఉండడం మన దగ్గర చాలా ఎక్కువ. 12 కంటే తక్కువ వస్తే డాక్టర్‌కు చూపించు. ఆక్సిజన్ మోసేదే తక్కువైతే ఆఖరి వందలో కాళ్లు పడిపోతయి, మనం దాన్ని ధైర్యం లేకపోవడం అనుకుంటాం.

800 సంగతి. నీ ఒళ్లు దానికి సరిపోతుందని మీ సార్ అంటే మారు, మంచిదే. భయం కోసం మాత్రం మారకు. 800లో మొదటి మూల దాటినంక లేన్లు ఉండవు, అడుగుల చప్పుడు వెనక నుంచే కాదు, పక్కల నుంచి కూడా వస్తది.

ఒక్క ఉదాహరణ చెప్పి ఆపుతా. పీవీ సింధు 2016 రియోలో ఫైనల్ ఓడింది. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ ఒకుహారా చేతిలో ఓడింది. 2018లో ప్రపంచ చాంపియన్‌షిప్, ఏషియన్ గేమ్స్, కామన్వెల్త్ గేమ్స్, మూడింట్లోనూ వెండే. సింధుకు ఫైనల్ అంటే వణుకు అని దేశమంతా మాట్లాడింది. 2019లో బాసెల్‌లో మళ్లీ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్, మళ్లీ అదే ఒకుహారా. 21-7, 21-7తో గెలిచింది. ఆ మధ్య ఏళ్లలో ఆమె ఫైనల్‌కు పోవడం మానలేదు, గమనించు.

మీట్ రోజులు కాని రోజుల్లో కూడా నిద్ర, తిండి, చదువు అన్నీ దెబ్బతింటుంటే మాత్రం ఒంటరిగా మోయకు. హాస్టల్లో మేడంకు చెప్పు, లేదా మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్. తెలుగులోనే మాట్లాడతరు, డబ్బులు పడవు.

మానుకోట జంపర్

అక్కా, నేను లాంగ్ జంప్, అండర్-17. నాకు మొదటి జంప్ ఫౌల్ అయితే ఇట్లనే అయితది. నాకు పనికచ్చింది ఒకటి చెప్త. మీట్‌కు పోయే బస్సుల ఎవల బెస్ట్ ఎంత, ఎవలు ఎంత కొట్టిండ్లు అని ముచ్చట పెట్టుకుంటరు. ఆ ముచ్చట మొదలుకాంగనే నేను లేసి డ్రైవర్ పక్క సీట్ల కూసుంట. వేరేటోళ్ల లెక్కలు నెత్తిల పెట్టుకొని దిగితే నా రనప్ అడుగులు నాకు గుర్తుండవు. పొగరు అనుకున్నా మంచిదే అని మా సార్ అన్నడు.

నర్సంపేట పిల్ల

అందరికి మస్తు థ్యాంక్స్. కొంచెం ఆలస్యంగ రాస్తాన, ఇన్ని రోజులు మీరు చెప్పినయి చేసుకుంట ఉన్న.

సార్, హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. డాక్టరమ్మ ఐరన్ గోలీలు రాసింది, ప్రాక్టీస్ కొన్ని రోజులు తగ్గించుమన్నది. ఆ కాయితం చూసి ఏడుపొచ్చింది, కొంచెం ఊపిరి సుత తీసుకున్న. ఏడాదికెల్లి అంత నా మనసుదే తప్పు అనుకుంటాన.

అక్కా, వెనుక దోస్తులను ఉరికించుడు మొదలుపెట్టినం, నెమ్మదిగనే. ముందుగాల భుజాలు మళ్ల లేసినయి. తర్వాత వీడియోల చూస్తే 260 దాక కిందనే ఉన్నయి. పది మీటర్లే గద పెరిగింది అని మా దోస్తు అన్నది. నోట్‌బుక్ల ఆ పది మీటర్లు రాసుకున్న.

బాపును సుత అడిగిన. నీ పైసలు దండుగైతానయేమో అని నాకు భయమైతాంది అని ఫోన్ల చెప్పిన. "నువ్వు ఉరికినా ఉరకకున్నా కాళ్లకు చెప్పులు కొనుడే గదా బిడ్డా" అన్నడు. మేనమామ మాట ఇంక అట్లనే ఉన్నది, పొద్దున గ్రౌండ్, రాత్రి ఎంసెట్ అని టైం రాసి చూపెట్టిన. ఏమనలే.

ఒక్క డౌట్. గోలీలు ఏసుకుంటే కడుపుల తిప్పుతాంది. ఉరికే రోజు ఏసుకోవచ్చా?

పీడీ సార్, జనగామ

కడుపులో తిప్పడం ఐరన్ గోలీలతో మామూలే బిడ్డా, కాని నీ అంతట నువ్వు మానకు. రాత్రి అన్నం తిన్నంక వేసుకోవచ్చా అని డాక్టరమ్మను అడుగు, అప్పుడు పొద్దటి ప్రాక్టీస్‌కు అడ్డం రాదు. గోలీకి ముందు వెనక గంట, రెండు గంటలు చాయ్ తాగొద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లు, ఉసిరికాయ, జామకాయ మంచిది. రక్తం పెరగడానికి నెలలు పడతది, రెండు వారాల్లో టైమింగ్ కదలలేదని దిగులు పెట్టుకోకు. ఆపకుండ వేసుకొని, డాక్టర్ చెప్పిన తేదీకి మళ్లీ పరీక్ష చేయించుకో.

కాజీపేట కానిస్టేబులక్క

చెల్లె, డాక్టరమ్మ సరే అన్నదాక 300లు గట్టిగ కొట్టకు, 150లు చాలు. దోస్తులను ఐదు మీటర్ల దూరంల నిలబెట్టు, సప్పుడు మంచిగ వినపడాలె. వచ్చే శనివారం సాయంత్రం నాకు డ్యూటీ లేదు, గ్రౌండ్‌కు వస్త. లేన్ 8 మనకు ఇడిసిపెట్టుమని మీ సార్‌కు ముందే చెప్పి పెట్టు, ఆ టైంకు వాకింగ్ చేసేటోళ్లంత బయటి లేన్లల్లనే ఉంటరు.